గాజుల ఆదెమ్మ చెప్పిన మాట

దేవుడు ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా తన బిడ్డను తీసుకుపోయాడా, లేక చెప్పించినా తానే వినలేదా? సుంకమ్మను తొమ్మిదేండ్లుగా తొలుస్తున్న సందేహం ఇది. శనివారం శనివారం ఒంటిపూట ఉండి, కసాపురం ఆంజనేయస్వామి పటానికి దీపం పెట్టేటప్పుడు అడగాలనిపించేది. జవాబుకు భయపడి అడిగేది కాదు.

అది వేరుశనగ ఊడలు దిగకముందే ఎండిపోయిన సంవత్సరం, 1999. సుంకమ్మది విడపనకల్లు దగ్గరి పల్లె. కూతురు హేమావతి తొలికాన్పుకు తాడిపత్రి నుంచి పుట్టింటికి వచ్చింది. వచ్చినప్పుడు బక్కగా ఉన్న పిల్లకు నెల తిరక్కముందే చెంపలు నిండాయి, చేతులు గుండ్రంగా తేలాయి. ఊరంతా ఎండుకుపోయిన ఆ కరువులో తన బిడ్డ ఒక్కతే నిగనిగలాడుతుంటే సుంకమ్మ పొంగిపోయింది. తాను పస్తుండి పెట్టిన రొట్టె, పాలు బిడ్డ ఒంటికి పట్టాయనుకుంది.

కాన్పుకు ముందు గాజులు తొడిగించాలని, గాజుల దండల మలారం భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగే ఆదెమ్మను పిలిచింది.

"పెండ్లికి నేనే కదమ్మే రెండు నాలుగు సైజు తొడిగింది. ఇప్పుడు రెండు ఎనిమిది కూడా ఎక్కకుండా ఉండాదే," అన్నది ఆదెమ్మ.

"మాయమ్మ మేపి మేపి నన్ను కోడెదూడ మాదిరి చేసింది అత్తా," అని హేమావతి నవ్వింది.

ఆదెమ్మ నవ్వలేదు. ఇంకా పెద్ద గాజులు తీసి ఎట్లాగో ఎక్కించింది. తర్వాత ఆ చేతిని తిప్పి, మణికట్టు పైన బొటనవేలితో ఒత్తి తీసింది. పడిన గుంట అట్లాగే ఉండిపోయింది. పాదం మీద ఒత్తింది. అక్కడా అంతే.

"తలనొప్పి ఏమన్నా ఉండాదా పాపా?"

"ఉండాది. పొయ్యి పొగకో ఏమో, కండ్లు కూడా మసక మసగ్గా ఉంటాయి."

"సుంకక్కా, ఇది కండ కాదు, నీరు. దినామూ ఎన్ని చేతులు పట్టుకుంటానో, నాకు తెలుస్తాది. ఈ దినమే డాక్టరుకు చూపియ్యి."

సుంకమ్మకు ఎక్కడలేని రోషం వచ్చింది. "నా బిడ్డ నాలుగు మెతుకులు తిని తేరుకుంటే నీ కండ్లకు పట్టకుండా పాయనా? గాజులమ్ముకునేదానివి, వైద్యం ఎప్పుడు నేర్చుకుంటివి?"

"మంచికే చెప్తాండా అక్కా..."

"చెప్పింది చాల్లే. మలారం ఎత్తు."

కడుపుతో ఉన్న పిల్లకు గాజులు తొడిగిన మనిషిని రెండు శేర్ల బియ్యం, రవికగుడ్డ కొంగులో పెట్టకుండా పంపరు. చేటలో సిద్ధంగా పెట్టినవాటిని సుంకమ్మ లోపలికి తీసుకుపోయింది. ఆదెమ్మ వట్టి కొంగుతో వెళ్ళిపోయింది. ఆమె సందు తిరగ్గానే మిరపకాయలు, ఉప్పు కూతురికి దిగదుడిచి నిప్పుల్లో వేసింది సుంకమ్మ.

ఐదో రోజు పొద్దున వాకిట్లో కళ్ళాపి చల్లుతుంటే లోపల చెంబు పడిన చప్పుడైంది. హేమావతి నేల మీద కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది. నోట నురగ. గాలి సోకిందన్నారు చేరినవాళ్ళు. సుంకమ్మ భర్త రామాంజులు అంత్రం, తాయెత్తు కట్టే మనిషి కోసం పక్క ఊరికి సైకిలు తొక్కాడు. ఆ మనిషి వచ్చేలోగా మరి రెండుసార్లు కొట్టుకుంది. ఆ తర్వాతే జీపు మాట్లాడారు. అనంతపురం ఇంకా కనపడకముందే సుంకమ్మ ఒళ్ళో తల బరువెక్కింది. కడుపులోని బిడ్డా దక్కలేదు. రక్తపోటు అన్నాడు డాక్టరు. నాలుగు రోజుల ముందు తెచ్చి ఉంటే బాగుండేదన్నాడు.

రాత అన్నారు ఊళ్ళోవాళ్ళు. సుంకమ్మ తలూపింది. ఆదెమ్మ మాట ఎవరికీ చెప్పలేదు, రామాంజులుకు కూడా. ఆదెమ్మ మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు.

తొమ్మిదేండ్లు గడిచాయి. కొడుకు గిరి పెండ్లాం రేఖకు తల్లి లేదు. అందుకే ఆమె కాన్పు అత్తింట్లోనే అనుకున్నారు. రేఖకు నెల తప్పిన నాటి నుంచి సుంకమ్మ రోజూ పసుపు రాసే వంకతో ఆమె పాదాలు ఒత్తి చూసేది.

"ఏందత్తా, దినామూ మామిడిపండు మాదిరి ఒత్తి చూస్తాండావు? మాగబెడతావా ఏంది?"

"నోరు మూసుకోని కాళ్ళు చాపు."

ఎనిమిదో నెలలో ఒక మంగళవారం, వేలు తీసినా గుంట నిండలేదు.

"మంగళవారం పూట గడప దాటుతానంటావా? నువ్వేనా ఈ మాట అనేది?" అన్నాడు రామాంజులు. "రేపు పోదాంలే."

"స్వామిని నేను బతిమాలుకుంటా. నువ్వు 108కి ఫోన్ చేయించు."

అనంతపురం పెద్దాసుపత్రిలో రేఖను అప్పటికప్పుడే చేర్చుకున్నారు. రెండో రోజు ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఒకటిన్నర కిలో. బిడ్డను అద్దాల పెట్టెలో పెట్టారు. తల్లికి గండం తప్పింది.

"ఇంకొక్క రోజు ఆగి ఉంటే ఫిట్స్ వచ్చేవి," అన్నది డాక్టరమ్మ. "నీకెట్లా తెలిసిందమ్మా?"

సుంకమ్మ వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చింది.

"అంతా బాగైంది కదా, ఇంకేల ఏడ్చేది?" అన్నాడు రామాంజులు.

"ఇంతేనా అయ్యా? ఏలు పెట్టి ఒత్తి చూసేంత పనికి నా హేమను పోగొట్టుకుంటినే!" అని, గాజులు తొడిగిన నాటి సంగతంతా అప్పుడు చెప్పింది. స్వామి ఆదెమ్మ నోట చెప్పించాడనీ, తాను ఆ నోరు మూయించి తరిమేసిందనీ చెప్పింది.

రామాంజులు ఆమె పక్కన నేల మీద చతికిలబడ్డాడు. "ఆ దినం జీపు మాట్లాడకుండా నేను సైకిలెక్కి ఎవురికోసం పోతినో నీకు తెల్దా?" అన్నాడు. "ఆ తప్పుకు నన్ను ఎవురన్నా అడిగినారా?"

ఆదెమ్మ బుక్కరాయసముద్రంలో కూతురి దగ్గర ఉందని సుంకమ్మ ఎప్పుడో విని ఉంది. మర్నాడు అంగట్లో బియ్యం, రవికగుడ్డ తీసుకుని బస్సెక్కింది.

ఆదెమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. చూపు ఆనడం లేదు.

"ఎవురమ్మా?"

"సుంకమ్మను. ఆ దినం నిన్ను వట్టి కొంగుతో పంపినదాన్ని."

ఆదెమ్మ గొంతు వినిపించిన వైపుకు తల తిప్పింది.

"నువ్వు చెప్పింది నిజమాదెమ్మా. నేనే వినకపోతి. మా కోడలు ఈ దినం బతికిందంటే నువ్వు చూపించిన దానివల్లే."

ఆదెమ్మ తన అరచేయి తడుముకుంది. "ఆ పాప చెయ్యి ఇంకా నా చేతికి గుర్తుండాది అక్కా. ఎంత మెత్తని చెయ్యి!"

ఇద్దరూ కాసేపు ఏడ్చారు.

"కొంగు పట్టు," అన్నది సుంకమ్మ.

ఆదెమ్మ రెండు చేతులా కొంగు చాపింది. సుంకమ్మ దోసిలితో బియ్యమంతా పోసి, పైన రవికగుడ్డ పెట్టింది.