వాగు కదిలితేనే

తొంభై రెండులో భద్రాచలం వరద ఆఫీసులో ఇంజినీరుగా చేరగానే గోరికి ఒక పెట్టెతో పేచీ వచ్చింది. ఆమె కొత్తగూడెం దగ్గరి తండాలో పుట్టి, పాలిటెక్నిక్ చదివిన పిల్ల. ఆ పెట్టె అడవిలో వాగు మలుపు దగ్గర సిమెంటు దిమ్మె మీద ఉండేది. నిమిషానికోసారి నీటిమట్టం కొలిచి వైర్‌లెస్‌లో ఆఫీసుకు పంపేది. రాత్రీ పగలూ అదే పని కావడంతో బ్యాటరీ వారం దాటితే గొప్ప. ముసురు పట్టి దారి మూసుకుపోతే మార్చే దిక్కుండదు. అంతకు ముందటేడు అలాగే పెట్టె మూగబోయిన రోజున వాగు పొంగి, దిగువ గూడెంలో పగిడయ్య అనే రైతు ఎడ్లను ఈడ్చుకుపోయింది.

పై ఇంజినీరు వెంకటరామారావు సత్తుపల్లి వైపు రైతుబిడ్డ. పెద్ద బ్యాటరీ కోసం హైదరాబాదుకు రాసి ఎదురుచూస్తున్నాడు. లోపం బ్యాటరీది కాదంది గోరి.

"ఎంత పెద్దది పెట్టినా తినేస్తది సార్. నిలకడగున్న నీళ్లను నిమిషం నిమిషం కొలిస్తే కొత్తగ తెలిసేదేంది? వాగు కదిలినప్పుడే పెట్టె లేవాలె. లేకుంటే పండుకోవాలె."

"పడుకున్నదాన్ని లేపేదెవరమ్మా?"

"వాగే లేపుతది."

వాగులో నిలబెట్టిన గొట్టంలో తేలే బెండుకు అయస్కాంతం కట్టి, గొట్టం వెంబడి బెత్తెడుకొక స్విచ్చు అమర్చింది. నీళ్లు బెత్తెడు పెరిగినా తగ్గినా ఒక స్విచ్చు కలుస్తుంది. పెట్టె మేల్కొని, కొలిచి, కబురు పంపి మళ్లీ నిద్రపోతుంది. వరద ఎంత ఉరవడిగా వస్తే కబుర్లు అంత వెంటవెంటనే వస్తాయి.

బిగించి వచ్చాక పెట్టె ఉలకలేదు, పలకలేదు. వానల్లేక వాగు కదల్లేదు మరి. అది నిద్రో చావో మనకెలా తెలుస్తుందని వెంకటరామారావు అడిగాడు. ఆ మాట గోరికి గుచ్చుకుంది, నిజం కాబట్టి. వాదించకుండా మళ్లీ అడవికి వెళ్లి, పొద్దునొకసారి సాయంత్రమొకసారి 'ఉన్నాను' అని పలికేలా చేసి వచ్చింది. ఆ రెండు పలుకులకు పోయే కరెంటు చిటికెడు.

శ్రావణంలో ముసురు పట్టింది. దారి మూసుకుపోయింది. కొత్త బ్యాటరీ వేసి నెల రోజులు దాటినా పెట్టె పలుకుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం కబురొచ్చింది. టీ తాగేలోపు ఇంకొకటి, గ్లాసు కింద పెట్టేలోపు మరొకటి. గోరి ఎవరినీ అడగలేదు. వరద కబుర్ల కోసం ఆఫీసు గూడెంలో పగిడయ్యకు ఇచ్చిన వైర్‌లెస్‌కు పిలుపు పంపింది.

"పగిడయ్య మామా, వాగు ఉరికొస్తాంది. గొడ్ల కట్లు ఇప్పు. అందరిని గుట్టెక్కియ్యి, జల్దీ."

"ఈడ వాన తక్కువనే ఉందమ్మా. నిజమేనా?"

"పైన కొట్టింది. నా మాట నమ్ము."

నమ్మాడు. పొద్దు వాలేసరికి గూడెంలో నడుములోతు నీళ్లు. గుట్ట మీద మనుషులూ గొడ్లూ క్షేమంగా ఉన్నారు.

దారి తెరుచుకున్నాక ఇద్దరూ వెళ్లారు. వెంకటరామారావు తానే మీటరు పెట్టి చూశాడు. బ్యాటరీలో సగానికి పైగా మిగిలే ఉంది. ముల్లును కాసేపు చూసి, "మిగతా వాగుల సంగతేంటమ్మా?" అన్నాడు.

"వాటికి సామాన్లు జీపులనే ఉన్నయి సార్" అంది గోరి.