బుడంకాయ రక్తం

"మీసాలాయన నా పందులకు విషం పెడుతున్నాడు. నీ ల్యాబులో తేల్చే పరీక్ష ఉందా?"

బావ ఫోన్ చేసేసరికి చిన్నది చేతి తొడుగులు విప్పుతోంది. నలభై దాటినా, పశువ్యాధుల ప్రయోగశాలలో పెద్ద ఉద్యోగం చేస్తున్నా ఇంట్లో అందరికీ ఆమె చిన్నదే.

"విషమని ఎలా తెలుసు బావా?"

"కడుపుతో ఉన్నవాటికి కడుపులు పోతున్నాయి. పుట్టినవి వణుకుతూ చస్తున్నాయి. వాడేమో తెల్లారకుండానే గోడ పక్కన నిలబడి మా షెడ్డులోకి తొంగి చూస్తున్నాడు. మురుగుకాలువ గొడవ మనసులో పెట్టుకున్నాడు."

మీసాలాయన పక్క షెడ్డు యజమాని. రెండు షెడ్లకూ మధ్యలో ఒకటే గోడ. చిన్నది మరునాడే వెళ్ళింది. రబ్బరు బూట్లు వేసుకుని, మందునీళ్ళలో ముంచి లోపలికి అడుగుపెట్టింది. బావ ఒక్కొక్క పందినీ అదిమి పట్టుకుంటే రక్తం తీసి, గొట్టాల మీద గది నంబర్లు రాసుకుంది. అక్క మాత్రం ఒక పందిపిల్లను చంకనెత్తుకుని దూరంగా నిలబడింది.

"దాన్నీ ఇటివ్వు."

"వీడెందుకే? బుడంకాయకు ఏ రోగమూ లేదు. కాస్త ఎదగలేదంతే."

"రోగం లేనివాటివీ కావాలక్కా."

తల్లికి పాలు పడకపోతే అక్క సీసాతో పాలు పట్టి బతికించిన పిల్ల అది. అదే వయసు పిల్లల్లో సగమైనా లేదు. అక్క ఎటు వెళితే అటు, గది గదికీ వెంట తిరిగేది. రక్తం తీస్తుంటే కీచుమంది. అక్క మొహం తిప్పుకుంది.

ప్రయోగశాలలో విషం జాడ దొరకలేదు. దొరికింది వేరే. చిన్నది తిరిగొచ్చి వంటగదిలో కూర్చుని విడమరిచి చెప్పింది.

"మీరు వేయించిన పందిజ్వరం టీకాలో అసలు వైరస్ ఉండదు బావా. దాని పైతొడుగులోని ప్రోటీన్లలో ఒకే ఒక్కదాన్ని తయారుచేసి ఎక్కిస్తారు. దాన్ని చూసి పంది ఒళ్ళు యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. అసలు వైరస్ తొడుగులో ఇంకో ప్రోటీన్ కూడా ఉంటుంది. అది టీకాలో లేదు. రెండో దానికి కూడా యాంటీబాడీలు కనిపిస్తే..."

"అంటే అసలు దొంగే లోపలికి వచ్చి పోయాడన్నమాట."

"అంతే. మీ షెడ్డులో చాలావాటికి రెండూ ఉన్నాయి."

బావ బల్ల మీద గుద్దాడు. "చెప్పలేదూ! వాడే చచ్చిన పందిని గోడ మీంచి విసిరేసి ఉంటాడు."

"మరి టీకా వేయించాం కదే?" అంది అక్క.

"ఎప్పుడో ఒకసారి తగిలితే టీకా చాలావరకు ఆపుతుంది. రోజూ పక్కనే ఉండి అంటిస్తుంటే ఎంతకని ఆపుతుంది?" చిన్నది కాగితం తిప్పింది. "ఇంకో సంగతి. బుడంకాయ రక్తంలో రెండూ లేవు. టీకా వల్ల రావాల్సినవి కూడా లేవు. బావా, నిజం చెప్పు. దానికి టీకా వేయించావా, లేక పిల్లే కదా అని వదిలేశావా?"

బావ ముఖం ఎర్రబడింది. అక్కే ముందు లేచింది. "నా ఇంట్లో కూర్చుని నా మొగుణ్ణే దొంగను చేస్తావా? సూది వేస్తుంటే బుడంకాయను పట్టుకున్నది నేను. వాడి రక్తం శుభ్రంగా ఉంటే సంతోషించాల్సింది పోయి!"

చిన్నది కాగితాలు సర్దుకుని బయలుదేరింది. దారిపొడుగునా మనసులో ఆ మాటే నలిగింది. అక్క అబద్ధమాడుతోందా? తన పరీక్షే తప్పా? మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. టీకా పడ్డ ఒళ్ళు ఆ ప్రోటీన్‌ను చూసీ చూడనట్టు ఎందుకు ఊరుకుంటుంది? శుభ్రమైన ఆ రక్తమే ఆమెకు అన్నిటికన్నా అనుమానంగా తోచింది. ఈసారి యాంటీబాడీల కోసం కాకుండా నేరుగా వైరస్ కోసమే వెతికింది.

బుడంకాయ రక్తం నిండా వైరసే.

ఈసారి అక్కా వాళ్ళ వంటగదిలోకి వచ్చి, కూర్చోకుండానే అడిగింది. "వీడి తల్లి ఎక్కడిదక్కా?"

"మీ బాబాయి ఫారం నుంచి మీ అక్క తెచ్చింది కదా," అన్నాడు బావ.

అక్క పొయ్యి తగ్గించి, గిన్నె మీద మూత సరిచేసింది.

"బాబాయికి ఫోన్ చేశాను," అంది చిన్నది మెల్లగా. "ఆయన ఇవ్వలేదన్నాడు."

బావ పెళ్ళాం వైపు చూశాడు. కాపురం మొత్తంలో ఆయన ఆమెను ఎన్నడూ అలా చూసి ఉండడు.

"పందుల్ని కోతకు తోలుకుపోతున్న లారీ," అంది అక్క, గోడకేసి చూస్తూ. "రోడ్డు పక్కన ఆగింది. అందులో ఒకటి కడుపుతో ఉంది. నా వైపే చూస్తోంది. బయటివాటిని తేవద్దని నువ్వు పోరుతావని... బాబాయి పేరు చెప్పాను."

ఆ ఈతలో దాదాపు అన్నీ చచ్చే పుట్టాయి. తల్లీ దక్కలేదు. మిగిలింది బుడంకాయ ఒక్కడే. కడుపులో ఉండగానే వైరస్ సోకిందనీ, ఒంటికి ఇంకా తనా పరా తెలియని వయసు కాబట్టి దాన్ని తన ఇంటి మనిషే అనుకుందనీ, అందుకే ఎదురు తిరగలేదనీ చిన్నది చెప్పింది. అలాంటి పిల్ల పైకి బాగానే ఉండి, పోయేదాకా వైరస్‌ను అన్నిటికీ పంచుతూనే ఉంటుందట.

"నా వెనకాలే గది గదికీ తిరిగేవాడు," అంది అక్క.

పశువుల డాక్టరు వచ్చిన రోజు బుడంకాయను అక్కే ఎత్తుకుంది. ప్రాణం తీసే సూది వేసేదాకా చెవి వెనక గోకుతూనే ఉంది. దానితోపాటు సగం షెడ్డు ఖాళీ అయింది. మిగతావాటిని విడిగా కట్టడి చేశారు.

బావ గోడ అవతలికి వెళ్ళి తలవంచుకుని నిలబడ్డాడు. మీసాలాయన అంతా విని గడ్డం రుద్దుకున్నాడు.

"మావాటికీ జ్వరాలొస్తున్నాయి. మీరే ఏదో వదులుతున్నారని నేను రోజూ కాపలా కాస్తున్నాను. పట్టుకుందామని."

ఆయన పందుల రక్తం కూడా తీసుకుని చిన్నది బయలుదేరింది. అక్క గేటు దాకా వచ్చింది.

"ఆ తల్లిని చూస్తే నీకైనా తెలిసేదా?"

"చూస్తే తెలియదక్కా."

"మరి నాకెలా తెలుస్తుందే?" అంది అక్క. జవాబు కోసం ఆగకుండా బూట్లు కడుక్కోవడానికి కుళాయి వైపు నడిచింది.