గుమ్మం ముందు గడ్డి

కళాశాలలో కొత్తగా కట్టిన గ్రంథాలయం చుట్టూ తోట వేసే పని ఆమెకు దక్కింది. సొంతంగా ఒప్పుకున్న మొదటి పెద్ద పని అది. పచ్చిక పరవాల్సిందేనని రిజిస్ట్రారు పట్టుబట్టినా, ఈ నేలలో సహజంగా పెరిగే గడ్డి, పొదలే నాటిద్దామని ఆయన్ని ఎలాగో ఒప్పించింది. మోకాలెత్తు పెరిగిన ఆ గడ్డి గాలికి ఊగుతుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

ప్రారంభోత్సవం ఇంకా రెండు నెలలుందనగా, తన పని చూపిద్దామని నాన్నను వెంట తీసుకొచ్చింది. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఇంజను కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. ఆమె లోపల మీటింగులో ఉండగా, ఆటస్థలం పక్కనున్న గడ్డి కోసే యంత్రం ఆయన కంటబడింది.

ఆమె బయటికొచ్చేసరికి గుమ్మం ముందు నేలంతా గుండు కొట్టించినట్టుంది. నాన్న చెమట తుడుచుకుంటూ నవ్వాడు.

"కలుపు ఏపుగా పెరిగిపోయింది తల్లీ. నీ కూలీలు పట్టించుకున్నట్టు లేదు."

ఆమె వెనకే వచ్చిన రిజిస్ట్రారు మెట్ల మీదే ఆగిపోయాడు. "ఏంటమ్మా ఇది? గడ్డంతా ఏమైంది?"

"నేనే కోయించాను సార్. ఒకసారి కోస్తే గుబురుగా లేస్తుంది" అంది. వేళ్లు బతికే ఉంటాయని తెలుసు గానీ, ఈ ఎండల్లో చిగురు వేస్తాయో లేదో ఆమెకే నమ్మకం లేదు.

కారెక్కాక నాన్న మెల్లగా అడిగాడు. "అది కలుపు కాదు కదూ?"

"కాదు నాన్నా. నేనే నాటించా."

మర్నాడు ఆమె లేచేసరికే నాన్న తయారై కూర్చున్నాడు. అప్పట్నుంచి రోజూ వెంట వచ్చి గొట్టంతో నీళ్లు పట్టేవాడు. వంగి వంగి మొదళ్లు చూసేవాడు. ఆమె మాత్రం రిజిస్ట్రారు ఎదురొస్తుంటే పక్కకు తప్పుకునేది.

ఒక పొద్దున ఆమె మేస్త్రీతో మాట్లాడుతుంటే నాన్న పిలిచాడు. "ఇటు రామ్మా ఒకసారి. నా కళ్లను నేను నమ్మలేను, నువ్వే చూసి చెప్పు."

ఎండిన దుబ్బుల మధ్య సూదుల్లాంటి పచ్చటి మొలకలు. ఒక్కచోట కాదు, గోడ పొడుగునా. ఆమె ఆ మట్టిలోనే చతికిలబడింది. గుండెల మీంచి బండ దించినట్టయింది.

"పర్లేదంటావా?"

"పర్లేదు నాన్నా. బతికిపోయాం."

ప్రారంభోత్సవం నాటికి, మునుపటంత ఎత్తు లేకపోయినా, గడ్డి ఒత్తుగా లేచింది. "దీన్ని ఏటా ఒకసారి కోయించాలండీ, అదే కిటుకు" అని రిజిస్ట్రారు అతిథులకు చెబుతుంటే నాన్న అటు తిరిగి దగ్గాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆయన సీట్లోనే నిద్రపోయాడు. ఆమె గతుకుల దగ్గర కారు నెమ్మదిగా పోనిచ్చింది.