సేకరణ: కళావతి

పోస్టర్ మీద తన పేరు చూడగానే కళావతికి ముందు సంతోషమే కలిగింది. ఆ తర్వాత పేరు ముందున్న మాట చదివింది. ‘సేకరణ: కళావతి.’ దానిపైన పెద్ద అక్షరాలతో, ‘కోయ పెద్దల నోట తరతరాలుగా నిలిచిన వింత మొక్కలు, జంతువులు’ అని ఉంది. అన్నిటికంటే పైన, ‘లోక సృష్టి: సాహిత్య.’

“సేకరణ ఏంది?” అంది పైకే. స్టూడియోలో పక్క సీట్లలో వాళ్లు తలెత్తి చూశారు.

కళావతిది చర్ల అవతల, ఛత్తీస్‌గఢ్‌కు దగ్గర్లో ఉన్న కోయగూడెం. చిత్రలేఖనంలో డిప్లొమా చేసి, ఖమ్మంలో వెంకటకృష్ణ పెట్టిన చిన్న స్టూడియోలో రెండేళ్లుగా పనిచేస్తోంది. వెంకటకృష్ణ వాళ్లు తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి కల్లూరు వచ్చి మిర్చి వేసి స్థిరపడ్డ కుటుంబం. అతను ఎనిమిది నెలలుగా ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి తయారు చేయిస్తున్నాడు. అది నీలవని అనే లేని లోకంలో జరుగుతుంది. కథ రాసేది సాహిత్య; ఆమెదీ కల్లూరులో మిర్చి వేసే ఇల్లే. ఆ లోకంలో మొలిచే మొక్కల్నీ తిరిగే జంతువుల్నీ పుట్టించే పని కళావతిది.

మొదట్లో రెండు తలల పులిని గీయమన్నారు. గీసి, తనే చించేసింది. రెండు నోళ్లకూ ఒక్క పొట్టే ఉంటే వేట దొరికినప్పుడల్లా ఆ పులి తనతో తానే కొట్లాడి చస్తుంది కదా అనిపించింది. ఆనాటి నుంచి ఏ జంతువుకైనా తిండి ఏమిటో, దాన్ని తినేది ఏదో, ఎండాకాలంలో అది నీళ్లెక్కడ తాగుతుందో తేలాకే పెన్సిల్ పట్టేది. తడిగొంతు అలా పుట్టింది. అది నక్కంత జంతువు. గొంతు కింది సంచిలో నీళ్లు నింపుకుని పిల్లల దగ్గరికి పరుగెత్తుతుంది. దారి పొడుగునా ఒలికిన చోటల్లా మొలకలు లేస్తాయి. మరుపుతీగ అయితే మూడు రోజులు మనిషి అడుగు పడని బాటను పూర్తిగా కప్పేస్తుంది; అడుగు పడితే వాడిపోతుంది. వానాకాలంలో తమ ఊరి బాట మాయం కావడం చిన్నప్పటి నుంచి చూసింది కాబట్టి ఆ తీగ మనసులో మెదిలి ఉంటుంది. కానీ అది మెదిలింది ఖమ్మంలో, కిరాయి గదిలో, నాలుగు నోటుపుస్తకాలు పాడుచేశాక.

వెంకటకృష్ణ గదిలోకి నేరుగా వెళ్లింది.

“సార్, ఇవి నేను సేకరించినయి కావు. నేను పుట్టించినయి.”

అతను నవ్వాడు. “అదేలేమ్మా. చిన్నప్పుడు మీ పెద్దవాళ్లు చెప్పిన కథలేగా మనసులో ఉండేది?”

“మా పెద్దలు చెప్పిన కథలు వేరే ఉన్నయి. వాటిని నేను ముట్టలే. ఇవి నావి.”

“నీవని రాస్తే ఎవరికి కావాలి చెప్పు? అడవి జనం తరతరాల విజ్ఞానం అంటే ఒక బరువుంటుంది. నీ రక్తంలోనే ఉందిగా అదంతా!”

“మరి సాహిత్యక్క రాసిన కథ ఎవరి రక్తంలది సార్?”

అతని నవ్వు ఆగింది. “పెద్ద మాటలొద్దు. బుధవారం మీ ఊరే వెళ్తున్నాం. మీ నాయనమ్మగారి చేత ఈ కథలు చెప్పించి వీడియో తీద్దాం. నువ్వూ రా.”

ఒళ్లంతా మండిపోయింది కళావతికి. అయినా వస్తానంది. నాయనమ్మ ముత్తక్కకు ఫోన్ మాత్రం చేయలేదు. రేపు ఎవరూ ‘ఏం చెప్పాలో అవ్వకు నువ్వే నేర్పావు’ అనకూడదు.

బుధవారం భద్రాచలం దాటి, చర్ల దాటి, పోలీసు క్యాంపు దగ్గర దిగి పేర్లు రాసి, గుంతల్లో పడుతూ లేస్తూ పదకొండింటికి ఊరు చేరారు. ముత్తక్క పోడు చేను నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. వెంకటకృష్ణ ఆమెను ఇంటి ముందు మంచం మీద కూర్చోబెట్టి, కెమెరా పెట్టించాడు. సాహిత్య మరుపుతీగ బొమ్మను ఆమె చేతికిచ్చింది.

“అవ్వా, దీని గురించి మీ పాత కథ ఒకటి ఉందంట కదా. చెప్పవా?”

ముత్తక్క బొమ్మను దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. “ఇదేం తీగ? గిసుంటిది మా అడివిల లేదు.”

“అడవిలో కాదవ్వా, కథల్లో.”

“మా కథల్ల కూడ లేదు. ఎవరు చెప్పిండ్రు నీకు?” అని మనవరాలి వైపు తిరిగింది. “ఏమే, నువ్వే పుట్టిస్తివా దీన్ని?”

“అవ్, అవ్వా.”

“గట్లనా!” ముత్తక్క మళ్లీ బొమ్మలోకి వంగింది. “అడుగు పడితే వాడుతదని గీసినవు. మరి పశువుల కాలు పడితే?”

కళావతి తడబడింది. అది ఆలోచించలేదు. “మనిషి చెమటకే వాడుతది అవ్వా,” అంది అప్పటికప్పుడు.

“అట్లయితే సరే,” అంది ముత్తక్క. ఎనిమిది నెలల్లో ఆ పనిని పనిగా చూసి ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే.

వెంకటకృష్ణ కెమెరా ఆపించాడు. మంచం పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా అన్నాడు. “పెద్దమ్మా, ‘మా తాతలు చెప్పిన్రు’ అని ఒక్క మాట అనండి చాలు. మీ జాతికే పేరొస్తుంది.”

ముత్తక్క లేచి నిలబడింది. “లేని మాటను మా తాతల నోట్ల పెడతవా బాబూ? వాళ్లు చెప్పినయి మస్తున్నయి. అవి పండుగకు చెప్పుకుంటం, గీ కెమెరాకు చెప్పం. ఇది నా మనుమరాలు చేసింది. అది చేసిందంటే నమ్మబుద్ధి కాదా నీకు? మేము ఉన్నది అప్పజెప్పుడే గాని కొత్తది తలుసుడు చేతగానోళ్లమా?”

సాహిత్య తల దించుకుంది. కళావతికి ఏడుపొచ్చింది. పోస్టర్ చూసిననాటి నుంచి తాను అనలేకపోయిన మాట అదే. కారు ఎక్కమంటే ఎక్కలేదు.

“పోస్టర్ మారినంక వస్త సార్,” అంది.

“మార్చకపోతే?”

“నా బొమ్మలు తీసెయ్యండి. తారీఖులతో పుస్తకాలు నా దగ్గరున్నయి.”

పది రోజులు ఏ కబురూ రాలేదు. పదకొండో రోజు సాహిత్య ఫోన్ చేసింది. తడిగొంతు, మరుపుతీగ లేకపోతే నీలవనిలో ఆడేవాళ్లకు దారి తప్పే చోటే లేదట. గంటలో ఆట అయిపోతోందట. “సార్ మార్చమన్నారు. కొత్తది పంపిస్తున్నా, చూడు,” అంది.

సిగ్నల్ కోసం కళావతి గుట్ట ఎక్కింది. బొమ్మ మెల్లగా తెరుచుకుంది. ‘మొక్కలు, జంతువుల సృష్టి: కళావతి.’ బాగుంది. దాని కిందే సన్న అక్షరాలు. ‘చర్ల అడవి తల్లి ముద్దుబిడ్డ.’

మళ్లీ మొదటికొచ్చింది కోపం. అక్కడే బండ మీద కూర్చుని టైప్ చేసింది. ‘అక్కా, నీ పేరు కింద కల్లూరు మిర్చి చేల ముద్దుబిడ్డ అని పెట్టిండ్రా? పెడితే నాది ఉంచండి. పెట్టకపోతే తీసెయ్యండి.’

చాలాసేపటికి జవాబొచ్చింది. ‘తీసేశాం.’

క్షమించమని మాత్రం ఎవరూ రాయలేదు. సోమవారం కళావతి పొద్దుటి బస్సుకు ఖమ్మం వెళ్లి తన సీట్లో కూర్చుంది. వెంకటకృష్ణ పలకరిస్తే, “చెప్పండి సార్,” అంది గాని నవ్వలేదు.