ఒక్క పాట అడిగిన డప్పు

నేను ఒక డప్పును. చింతచెక్క చట్రం, దాని మీద మేకతోలు, వెనక ఇనుప ఉంగరానికి లాగి కట్టిన తోలువార్లు. ఇంతే నేను. డెబ్బై ఏళ్ళు దాటాయి. ఇప్పుడు ఒక చర్చి పక్క గదిలో, విరిగిన కుర్చీలకూ మడత పెట్టిన క్రిస్మస్ నక్షత్రాలకూ మధ్య గోడకు వేలాడుతున్నాను. ఎవరో ఒకరు కొడితేనే ఇన్నాళ్ళూ మాట్లాడాను. ఎవరూ కొట్టకుండా మాట్లాడడం ఇదే మొదలు.

నన్ను చేసింది గురవయ్య. ఊరికి పడమట, కాలవకట్ట కింద మా వాళ్ళ పల్లె. ఊళ్ళో పెళ్ళికీ, చావుకీ, జాతరకీ, చాటింపుకీ గురవయ్యే వెళ్ళేవాడు. తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చింతగింజల జిగురుతో చట్రానికి అతికించాడు. నీడలో ఆరనిచ్చాడు. ఆ తర్వాత వరిగడ్డి మంట వేసి, నన్ను దాని మీద తిప్పుతూ కాచాడు. తోలు బిగిసింది. కుడిచేత పొట్టి కర్ర, ఎడమచేత సన్నటి పుల్ల పట్టుకుని ఒక్క దెబ్బ వేశాడు. నేను పుట్టింది అప్పుడే. కాగితేనే డప్పు పలుకుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

నేను లేనిదే ఊళ్ళో శవం లేచేది కాదు. నన్ను పట్టుకున్న చేతిని మాత్రం ఎవరూ తాకేవారు కాదు. పెళ్ళికొడుకు ముందు నడవమనేవాళ్ళు, విందు దగ్గర గొడ్లచావిడి పక్కన కూర్చోమనేవాళ్ళు. మనుషుల పద్ధతులు నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

గురవయ్య కొడుక్కి పన్నెండేళ్ళప్పుడు పల్లెకు సువార్త వచ్చింది. అందరూ కాలవలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కుర్రాడికి ఏసోబు అని పేరు పెట్టారు. అప్పటి పాస్టరుగారు వాళ్ళ చాప మీద కూర్చుని, వాళ్ళ కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడు. బయటి మనిషి అలా తాగడం పల్లె ఎన్నడూ చూడలేదు. ఆ ఒక్క పనికి ఆయన మాట వాళ్ళకు శాసనమైంది. ఒక ఆదివారం ఆయన, "డప్పు చేతిలో ఉన్నంత కాలం మీరు ఊరికి వెట్టివాళ్ళే" అన్నాడు. అందులో నిజం ఉంది. అందుకే ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. ఇంటింటి నుంచీ డప్పులు తెచ్చి చర్చి పాక ముందు పోగేశారు. పదకొండు.

మా జాతికి నిప్పంటే భయం లేదు. నిప్పు మమ్మల్ని లేపేది. ఆ రోజు కూడా కాచడానికే తెచ్చారని అవి అనుకుని ఉంటాయి. వేడికి తోళ్ళు బిగిశాయి. ఎగిరిపడే నిప్పురవ్వలకు టప్పు టప్పుమని పలికాయి కూడా. ఆ తర్వాత ఒక్కొక్కటే పగిలాయి.

పన్నెండోదాన్ని నేను. గురవయ్య భార్య నన్ను బియ్యం కాగు మీద బోర్లించి, పైన చేట పెట్టింది. అడగడానికి వచ్చినవాళ్ళతో "ఇది మూత" అంది. బాప్తిస్మం తర్వాత ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే అనుకుంటాను.

అరవై ఆరేళ్ళు మూతగానే బతికాను. ఆ పల్లెలో ఆడవాళ్ళు ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి దేవుడికని పక్కన పెడతారు. ఆదివారం దాన్ని చర్చికి పట్టుకెళ్తారు. గురవయ్య భార్య, తర్వాత ఏసోబు భార్య, ఆ తర్వాత కోడలు రాహేలు నన్ను ఎత్తే ఆ గుప్పెడు తీశారు. చర్చిలోకి రాకూడని నా కింద నుంచే చర్చికి బియ్యం వెళ్ళేవి. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాల్లో గురవయ్య నన్ను దించి, ఏసోబు వేళ్ళు పట్టుకుని, గోడవతలికి వినబడనంత మెల్లగా దరువులు నేర్పాడు. చనిపోయినవాళ్ళను సాగనంపే దరువు మొదలు నుంచి చివరిదాకా నేర్పాడు.

మూడేళ్ళ కిందట కృపావరం అనే ఇరవై ఏడేళ్ళ పాస్టరు వచ్చాడు. ముసలివాళ్ళు ఆయన్ని అయ్యగారూ అంటారు, కుర్రవాళ్ళు అన్నా అంటారు. ఆయన వచ్చాక చర్చికి కీబోర్డూ, రిథమ్ ప్యాడూ వచ్చాయి. ఒక ఆదివారం ఏసోబు ఆయాసపడుతూ ఇంటికి వచ్చి, నా పక్కనే గోడకు చేరగిలబడ్డాడు.

"అమ్మాయ్ రాహేలూ, చర్చిలో డప్పు మోగిందే! ఆ పెట్టెలో ఎవురో కూసోని కొడతన్నారు."

"అది మిషను గందా మామా. బొత్తం నొక్కితే మోగుద్ది."

"మిషను డప్పుకి బాప్తిస్మం ఎవురిచ్చారంట? మనదేం పాపం జేసిందని?"

రాహేలు నవ్వింది. ఏసోబు నవ్వలేదు. చేట తీసి పక్కన పెట్టి, నన్ను తువాలుతో తుడిచి, అదే తువాలులో చుట్టుకుని పాస్టరు దగ్గరికి బయలుదేరాడు.

"వందనాలయ్యగారూ."

"వందనాలు తాతా, కూర్చో. ఆయాసం ఎట్టా ఉంది?"

"అది నన్ను తీసకపోయిందాకా పొయ్యేటట్టు లేదులే. డాక్టరు ఎండాకాలం దాటవన్నాడు." ఏసోబు నన్ను విప్పి బల్ల మీద పెట్టాడు. "క్రిస్మస్‌నాడు ఒక్క పాటకి కొడతానయ్యా. ఒక్కదానికే. మా నాయన నేర్పింది దేవుడి ముందర ఒకసారి వాయించి పోతా."

కృపావరం చాలాసేపు నన్ను ముట్టుకోలేదు. ఆయన తాతా డప్పు కొట్టినవాడే. బైబిలు స్కూల్లో తాత పని ఏమిటని ఎవరైనా అడిగితే కృపావరం వ్యవసాయం అని చెప్పేవాడు. ఆ సంగతి నాకు తర్వాత ఆయన ప్రార్థనల్లో తెలిసింది.

"పెద్దలతో మాట్లాడతా తాతా. ఈడ ఉంచి వెళ్ళు."

అలా ఈ గదికి వచ్చాను. కృపావరం ఇక్కడే ప్రసంగాలు తయారు చేసుకుంటాడు. అటూ ఇటూ తిరుగుతూ పైకే మాట్లాడతాడు. "ప్రభువా, నా ప్రసంగాన్ని ఫోన్లో రెండింతల వేగంతో వింటున్నారు మా పిల్లలు. వాళ్ళకు నిదానం గురించి ఏం చెప్పను?" అన్నాడు ఒకరోజు. ఇంకోరోజు నా ముందు ఆగాడు. "కీబోర్డును అది పుట్టిన దేశంలో ఎక్కడెక్కడ వాయిస్తారో మేం అడగలేదు. దాని మీద ప్రార్థన చేసి లోపల పెట్టుకున్నాం. మా ఇళ్ళలోది మాత్రం ఎందుకు మైలైంది? ప్రభువా, నిన్ను నమ్ముకుని మేం వదిలింది విగ్రహాలనా, మా నాయనలనా?" బైబిల్లో దేవుడి మందసం ముందు వాయిద్యాల మధ్య నాట్యమాడిన రాజు గురించి ఒక ప్రసంగం రాశాడు. నాకు మొత్తం చదివి వినిపించాడు. ఆదివారం మాత్రం వేరేది చెప్పాడు.

సంఘపెద్ద దేవసహాయం ఏసోబుకు చిన్ననాటి స్నేహితుడు. డప్పులు కాల్చిననాడు ఎనిమిదేళ్ళవాడు. అతను ఈ గదిలోనే పాస్టరుకు జవాబు చెప్పాడు.

"మీకది కళయ్యా. మాకది తిట్టు. మా నాయన్ని పేరెట్టి పిలిచినోడు లేడు, ఒరే డప్పోడా అనేవోళ్ళు. మా డప్పు కాలతంటే నేను నేలబడి ఏడ్చా. ఇప్పుడు దాన్ని తిరగా లోపలికి తెస్తే, ఆనాడు కాల్చింది ఎందుకంట?"

"మరి మిషనులో మోగుతోంది కదా పెద్దాయనా?"

"మిషన్ను ఎవురూ ఒరే అనరు."

కృపావరం ఏసోబుకు క్రిస్మస్‌కు వీలుకాదని చెప్పి, ఈస్టరుకు తప్పకుండా అని మాట ఇచ్చాడు.

"ఈస్టరుకా..." అన్నాడు ఏసోబు. కాసేపు ఊపిరి పీల్చుకుని, "సరేనయ్యా. దానికి చెమ్మ తగలనీబాకండి" అని వెళ్ళిపోయాడు.

క్రిస్మస్‌నాడు ప్యాడు హోరెత్తింది. ఈ గది కిటికీలోంచి మూడో వరసలో ఏసోబు కనబడ్డాడు. మోకాలి మీద అతని వేళ్ళు కదులుతున్నాయి. ఆ వేళ్ళు కొడుతున్నది నన్నే.

ఈస్టరుకు ముందు నలభై రోజులు ప్రభువు బాధలు తలుచుకునే శ్రమదినాలు. ఆ రోజుల్లో ఆ చర్చిలో ఏ వాయిద్యమూ ముట్టరు. మూడో శుక్రవారం మధ్యాహ్నం ఏసోబు చనిపోయాడు.

మర్నాడు ఉదయం కృపావరం ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి నన్ను గోడ మీంచి దించాడు. ఏసోబు వాకిట్లో శవపెట్టె సిద్ధంగా ఉంది. పల్లె అంతా చూస్తుండగా, శ్రమదినాలని కూడా చూడకుండా, నన్ను భుజానికి తగిలించుకుని కొట్టాడు. నాలుగు నెలలు చెమ్మగదిలో ఉన్నదాన్ని. తడిగోనె మీద కొట్టినట్టు బొద్దుమన్నాను. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అంతే. ఎన్నడూ అంత సిగ్గుపడలేదు నేను.

"వద్దులెండయ్యగారూ" అంది రాహేలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

అప్పుడు దేవసహాయం ముందుకొచ్చాడు.

"కాచకుండా కొడితే ఏం పలుకుద్దయ్యా అది?"

నన్ను లాక్కుని, వామిలోంచి గుప్పెడు గడ్డి దూసి, దారి పక్కన మంట వేశాడు. అరవై ఆరేళ్ళ తర్వాత నిప్పు. తిప్పి తిప్పి కాచి, బొటనవేలితో తోలు నొక్కి చూశాడు. కొట్టాడు. పలికాను. పెట్టె లేచింది. సాగనంపే దరువు మొదలైంది. ముసలివాళ్ళు కొందరు ఉన్నచోటే ఆగిపోయారు. కాలవకట్ట మలుపుదాకా నడిచాం. అక్కడ దేవసహాయం చేతులు ఆగాయి.

"ఏమైంది పెద్దాయనా?"

"ఇంతవరకే వచ్చయ్యా నాకు. మా డప్పు కాలిందాకా మా నాయన ఇంతే నేర్పాడు. మిగతాది వాడికే తెలుసు."

పెట్టె వైపు చూపించాడు. అక్కణ్ణుంచి సమాధిదాకా అడుగుల చప్పుడే.

ఈస్టరునాడు కృపావరం ప్రసంగం మధ్యలో ఆగి, "ఒక ముసలాయన నన్ను ఒక్క పాట అడిగాడు. ఆగమన్నాను" అన్నాడు.

రాహేలు బియ్యం కాగు మీద ఇప్పుడు స్టీలు పళ్ళెం మూత పెట్టింది. గుప్పెడు తీయడం మానలేదు. నేను ఇక్కడే ఉన్నాను. ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు కృపావరం నన్ను తీసుకెళ్ళి చర్చి మెట్ల మీద ఎండలో పెడతాడు. తోలు మెల్లగా బిగుస్తుంది. దేవసహాయం చెప్పులు విప్పుతూ ఒంగి, బొటనవేలితో నొక్కి చూస్తాడు.

"కాగింది" అంటాడు. ఎవరితో అంటాడో తెలియదు.

నన్ను మెట్ల మీదే వదిలి లోపలికి వెళ్ళిపోతాడు. పాట మొదలవుతుంది. మెట్ల మీదికి నీడ వచ్చేదాకా నేను బిగిసే ఉంటాను.