కొవ్వు గోలి

అబద్ధం ఆడినా అతికినట్టు ఉండాలంటారు. బాలనర్సింహ ఆడింది మరీ బాగా అతికింది, పీకుదామన్నా ఊడిరానంతగా.

ఇబ్రహీంపట్నం పక్కన ఒక ఇంజినీరింగ్ కాలేజీలో బస్సు డ్రైవరతను. నిరుడు గుండెకు స్టెంటు వేశారు. తెలిస్తే కాలేజీవాళ్లు స్టీరింగు ముట్టనివ్వరని, టైఫాయిడ్ అని చెప్పి నెల సెలవు పెట్టాడు. గుండె డాక్టరు రాసింది ఒక్క మాత్రే. కానీ అందులో కొవ్వు తగ్గించే మందుతో పాటు రక్తం గడ్డకట్టనివ్వని మందులు రెండు కలిసి ఉంటాయి. బాలనర్సింహ దానికి కొవ్వు గోలి అని పేరు పెట్టుకున్నాడు. డ్రైవర్లంతా నమ్మారు. "మటన్ మస్తు తింటవ్, కొవ్వు రాకేమైతదన్నా" అని నవ్వారు కూడా. భార్య సుక్కమ్మకు మాత్రం గట్టిగా నూరిపోశాడు, కాలేజీ నుంచి ఎవరడిగినా ఏ జబ్బూ లేదనాలని.

ఈరోజు కాలేజీలో ఉచితంగా పళ్లు చూస్తున్నారంటే, రెండు నెలలుగా సలుపుతున్న దవడపన్ను చూపించుకోవడానికి పోయాడు. సూది పట్టుకుని డాక్టరమ్మ పూజిత అడిగింది.

"రక్తం పల్చబడే మందులేమన్నా వాడుతున్నవా అన్నా?"

పక్కనే రిజిస్టరు రాస్తూ బస్సుల ఇన్‌చార్జి మహేశ్వర్ నిలబడి ఉన్నాడు. ఇక ఏం చెబుతాడు?

"లేదు మేడం. కొవ్వు గోలి ఒక్కటే."

పన్ను ఊడొచ్చింది. నెత్తురు ఆగలేదు.

దూది నాలుగుసార్లు మార్చారు. గంటన్నర గడిచింది. నోట్లో ఊరేదంతా మింగుతూ కుర్చీకి అతుక్కుపోయాడు బాలనర్సింహ. చెబితే బస్సు పోతుంది, చెప్పకపోతే నెత్తురు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇరవై రెండేళ్లుగా స్టీరింగు తప్ప మరో పని ఎరగని మనిషి.

"నిజం చెప్పన్నా, ఇంకేమన్నా మందులున్నయా?" అంది పూజిత.

"మా బాలనర్సింహన్న అబద్ధమాడడు మేడం" అని మహేశ్వర్ మిగిలిన ఒక్క దారీ మూసేశాడు. పైగా మంచితనం కొద్దీ సుక్కమ్మకు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు. ఆమె బెదురుతుందని నెత్తురు సంగతి ఎత్తలేదు.

"అక్కా, క్యాంపుల రాసుకుంటున్నరు. అన్న ఏమేం గోలీలు ఏసుకుంటడు?"

"కొవ్వు గోలి ఒక్కటే సార్."

"జర యాది చేసుకో అక్కా. ఇంకేం లేవా?"

రెండోసారి అడిగేసరికి సుక్కమ్మకు అనుమానం వచ్చింది.

"ఎవరన్నా ఏమన్నా చెప్పిండ్రా సార్? మా ఆయనకు ఏ జబ్బు లేదు. నమ్మకుంటే నా పుస్తె మీద..."

"ఒట్టెయ్యకే!"

దూది ఊడి ఒళ్లో పడింది. నెత్తురు చొక్కా మీదికి కారింది. అంత నెత్తురు మింగినవాడు, ఆ ఒట్టును మాత్రం మింగలేకపోయాడు.

"నిరుడు స్టెంటేసిండ్రు సార్. గా గోలిలనే రక్తం పల్చబడే మందుంది."

పూజిత కుట్లు వేయడానికి దారం అందుకుంది. "ముందే చెప్తే ఇంత తిప్పలుండేదా అన్నా? ఇప్పుడు భయపడి ఆ గోలి మాత్రం ఆపకు" అంది.

మహేశ్వర్ రిజిస్టరు మూశాడు. తర్వాత చెయ్యి చాపాడు. బాలనర్సింహ జేబులోంచి బస్సు తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు.

బల్ల మీద ఫోన్‌లో సుక్కమ్మ ఇంకా బతిమాలుతూనే ఉంది.

"ఆయన మాట నమ్మకుండ్రి సార్. ఆయనకేం కాలేదు. ఆయన మంచిగున్నడు సార్."