పెన్‌డ్రైవ్‌లో పట్టనిది

“దీపం మొహం తుడిచినంత శ్రద్ధగా మావాడి మొహంలోకి ఎప్పుడన్నా చూశావా తల్లీ?” అంది అత్తగారు, మంచం మీద కాళ్లు చాపుకుని, మోకాలికి నూనె రాయించుకోవడానికి ఎదురుచూస్తూ.

కోడలు తలెత్తలేదు. మెత్తటి గుడ్డని వేలికి చుట్టుకుని లెన్సుని నడిమి నుంచి అంచుకి, మళ్లీ నడిమి నుంచి అంచుకి తుడుస్తోంది. లైటు లోపలి ఫ్యాను రెక్కల సందుల్లో ఇరుక్కున్న దుమ్ముని కుంచెతో విదిలించింది. హాల్లో నేలమీద ఆరు లైట్లు వరసగా ఉన్నాయి. రెండు చేతుల మధ్య తల పట్టుకుని కూలబడ్డ మనుషుల్లా ఉంటాయవి. మూవింగ్ హెడ్‌లంటారు. మామూలు లైటు ఎటు పెడితే అటే చూస్తుంది. ఇవి తల తిప్పి నాలుగు దిక్కులూ చూస్తాయి. రంగు మారుస్తాయి, వెలుగుని సూదిమొనంత చేస్తాయి, చాపంత పరుస్తాయి. కాకపోతే లైట్లని నడిపే బోర్డు దగ్గర కూర్చున్న మనిషి తిప్పాలి.

“పొయ్యిగట్టు మీద జిడ్డు అట్టకట్టింది. దానిమీదకి మాత్రం చెయ్యి పోదు.”

“వచ్చాక తోముతా అత్తయ్యా.”

“ఎప్పుడూ వచ్చాకే. నువ్వు తోకలా వెంటబడకపోతే వాడికి పని రాదా ఏం?”

ఆ ప్రశ్నకి జవాబు ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు పైకి చెప్పరు, రెండోవారు చెప్పనివ్వరు. ఆరేళ్ల కిందట నాటకాలకి లైట్లు పెట్టే పని కోసం మొగుడు వీటిని ఎవరి దగ్గరో పాతవి కొని తెచ్చినప్పుడు, వాటితోపాటు అరవై పేజీల పుస్తకం ఒకటి వచ్చింది. నాలుగు పేజీలు తిప్పి, ఆవులించి, “నువ్వు సైన్సు చదివావు కదే, కాస్త చూడు” అని ఆమె ఒళ్లో పడేశాడు. ఆవేళ చూడమన్నవాడు ఇప్పటికీ చాలు అనలేదు. అన్నం ఉడికేలోపు రెండు పేజీలు, పిల్ల నిద్రపోయాక నాలుగు పేజీలు. ఏ నంబరు తలని తిప్పుతుందో, ఏది వంచుతుందో, ఏది ఆర్పుతుందో చదివి, నేలమీద లైటు పెట్టి పడగ్గది గోడమీద తిప్పి చూసుకుని నేర్చుకుంది. ఇప్పుడు ప్రతి ఆటకీ బోర్డులో వెలుగులన్నీ వరసగా ఎక్కించేది ఆమె. నల్లచొక్కా వేసుకుని జనం మధ్యన బోర్డు ముందు కూర్చునేది అతను. తెర పక్కన చీకట్లో నిలబడి, చెవికి తగిలించుకున్న మైకులో ‘ఇప్పుడు నొక్కండి’ అని చెప్పేది మళ్లీ ఆమె. ఎవరన్నా అడిగితే, “మా ఆవిడండీ, తీగలు చుట్టడానికి సాయం వస్తుంది” అంటాడు. మొదట్లో ఆ మాట ముల్లులా దిగేది. తర్వాత కాలి కింద కాయ కాసినట్టు అక్కడ తోలు మందమైంది.

ఆ రోజు ఆడేది ఒక నృత్యనాటకం. ఆట సాయంత్రం నాలుగింటికి. పొద్దున ఎనిమిదింటికల్లా ఆడిటోరియం చేరారు. నిచ్చెన ఎక్కే పెద్దాయన ఒక్కో లైటునీ పైన ఇనప దూలానికి తలకిందులుగా బిగిస్తుంటే, ఆమె కింద నిలబడి దూలాన్ని పట్టుకునే క్లాంపుకి ఎన్ని చుట్లు తిప్పాడో చూస్తోంది.

“తీగ వేశావా బాబాయ్?”

“వేశానమ్మా. నువ్వు అడుగుతావని తెలిసి ముందే వేశా.”

క్లాంపు జారితే ఆ తీగే ఆపాలి. లేకపోతే ఇరవై కిలోలు కింద ఎవరి నెత్తిన పడితే వాళ్ల కర్మ. ఒక్కో లైటుకి పదహారు నంబర్లు కావాలి. అందుకని మొదటిదానికి ఒకటి నుంచి, రెండోదానికి పదిహేడు నుంచి, మూడోదానికి ముప్పై మూడు నుంచి, అలా చివరిదానికి ఎనభై ఒకటి నుంచి. పైకి పంపే ముందే లెక్కకట్టి పెట్టింది. కరెంటు ఇవ్వగానే ఆరూ ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నాయి. ఇటు తిరిగాయి, అటు తిరిగాయి, వంగాయి, లేచాయి, సర్దుకుని ఆగాయి. ఆ క్షణం ఆమెకెప్పుడూ ఇష్టమే. పొద్దున్నే లేచి అలా ఎవరూ పిలవకుండా ఒళ్లు విరుచుకుని ఎన్నాళ్లయిందో.

మొగుడు బోర్డు దగ్గర చేరి చక్రం కుడికి తిప్పాడు. నాలుగు లైట్లు కుడికి పోయాయి. రెండు ఎడమకి పోయాయి.

“ఏంటయ్యా ఇది! ఎలా తగిలించావు? ఆ రెండూ తిరగేసి కట్టావా?”

“తలకిందులుగా వేలాడేదాన్ని ఇంకెలా తిరగేస్తాను బాబూ?” అన్నాడు పెద్దాయన.

“నోరొకటి!”

ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉంటుంది అతని కోపం ఎప్పుడూ. ఆమెకి విషయం తెలుసు. పోయినవారం ఒక ఆటలో ఆ రెంటినీ నేలమీద నిలబెట్టి వాడారు. అప్పుడు వాటి లోపలి సెట్టింగులో ఎడమని కుడి చేసింది. తిరిగి మార్చాలి. ఇంటి దగ్గర చూద్దామనుకునేలోపు పిల్లకి జ్వరం. ఆమె కొంగు దోపుకుని నిచ్చెన ఎక్కింది.

“ఏయ్, దిగు. ఎవరన్నా చూస్తే బాగోదు.”

“ఎవరున్నారండీ ఇక్కడ?”

ఉన్నారు. ఏడో వరసలో, ఒళ్లో పుస్తకం పెట్టుకుని నాట్యం టీచరు కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. నడుం బెత్తంలా ఉంది. ఈమె పైన రెండు లైట్ల దగ్గరా రెండేసి బొత్తాలు నొక్కి దిగి వచ్చేదాకా ఆవిడ చూసింది. అతను మళ్లీ చక్రం తిప్పితే ఆరూ కుడికే పోయాయి.

“కుదిరింది మేడమ్! పాత సరుకు కదండీ, అప్పుడప్పుడు మొరాయిస్తాయి. పట్టు తెలియాలి,” అన్నాడు అతను గట్టిగా.

టీచరు పుస్తకం మూసింది. స్టేజీ దగ్గరికి వచ్చి తనకి కావలసింది చెప్పింది. చివరి ఘట్టంలో అమ్మాయి నడిమధ్య నుంచి వెనక్కి నడుస్తూ ఎడమ మూలకి పోతుంది. వెలుగు ఆమెతోపాటు పోవాలి. అడుగడుక్కీ చిన్నదవ్వాలి. చిట్టచివర పాదాలు మాత్రమే మిగలాలి.

“రెండు నిమిషాల పనండీ,” అని, హాలు మేనేజరుతో మాటుందంటూ టీ తాగడానికి వెళ్లాడు అతను. పోతూ పోతూ పెళ్లాం వంక చూసి కనుబొమ్మ ఎగరేశాడు. ‘కానియ్’ అని దాని అర్థం.

ఆ రెండు నిమిషాలు గంటన్నర అయ్యాయి. ఆమె బోర్డు ముందు కూర్చుని, నాట్యం చేసే అమ్మాయిని ఏడు చోట్ల నిలబెట్టి, చోటుచోటుకీ లైటు తల తిప్పి, వంచి, వెలుగుని కుదించి, బోర్డుకి గుర్తు పెట్టించింది. ఒక చోటు నుంచి ఇంకో చోటికి ఎంతసేపట్లో జారాలో గడియారంతో తేలలేదు.

“మూడో అడుగుకీ నాలుగో అడుగుకీ మధ్య ఎన్నిసార్లు ఊపిరి తీస్తావమ్మా?” అని అడిగింది.

అమ్మాయి తెల్లమొహం వేసింది. ఓసారి నడిచి చూసుకుని, “రెండుసార్లు అక్కా! ఇన్నాళ్లూ నాకే తెలీదు,” అని నవ్వింది.

రెండు ఊపిర్లకి సరిపడా జార్చింది. వెలుగు అమ్మాయి వెనకాలే మెత్తగా, దూడ వెనక ఆవులా నడిచింది. ఆ గంటన్నరలో ఆమెకి పొయ్యిగట్టు గుర్తురాలేదు, మోకాలి నూనె గుర్తురాలేదు. గుర్తురాలేదన్న సంగతి గుర్తొచ్చేసరికి మాత్రం, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు భుజాలు ముడుచుకుంది.

టీచరు పక్క కుర్చీలో వచ్చి కూర్చుంది. “ఈ ఆటతో ఒకటో తారీకు నుంచి నలభై రోజులు, తొమ్మిది ఊళ్లు. బస్సులో లైట్ల మనిషికి ఒక్క సీటుంది. నువ్వు రా అమ్మాయ్.”

“నేనాండీ? మా ఆయనండీ...”

“మీ ఆయన్ని చూశాను. నిన్నూ చూశాను. లైట్లు దించేలోపు చెప్పు.”

మధ్యాహ్నం హాలు వెనక మెట్లమీద టిఫిను డబ్బా విప్పుతూ మొగుడికి చెప్పింది. చెప్పేటప్పుడు గొంతులో ఎక్కడా సంతోషం లేకుండా జాగ్రత్తపడింది. సంతోషం కనబడితే అతను ముందు దాన్నే పట్టుకుంటాడు.

“నిన్నా?” అతను నవ్వాడు. కోపంగా కాదు, చంటిపిల్ల పెద్దవాళ్ల చెప్పుల్లో కాళ్లు పెట్టి నడిస్తే నవ్వినట్టు. “ఆవిడకి సంగతి తెలీదులే. నేను మాట్లాడతా.”

“ఆవిడ నన్నే అడిగింది.”

“సరే, వెళ్తావు. అమ్మ మోకాలు ఎవరు చూస్తారు? పిల్ల బడి? ఇల్లు?”

“మీరు వెళ్తే?”

“నేను వెళ్తే నువ్వుంటావుగా!”

ఆ మాట అన్నందుకు అతనేం సిగ్గుపడలేదు. పొద్దు తూర్పున పొడుస్తుంది అన్నంత మామూలుగా అన్నాడు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆ ఇంటి గోడలన్నీ ఆ ఒక్క మాట మీదే నిలబడ్డాయి. తను ఉంటుంది. ఎవరెక్కడికి పోయినా తను ఉంటుంది. కాడి మోసేది ఎద్దు, పండించింది మాత్రం కామందు. ఎద్దుని ఎవరన్నా మెచ్చుకున్నా, ‘మా ఎద్దండీ’ అని మీసం దువ్వేది కామందే. అతను చెయ్యి కడుక్కుని లోపలికి పోయి, పావుగంటలో హుషారుగా తిరిగొచ్చాడు.

“నేనొస్తానని చెప్పేశా. నువ్వు అంతా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇవ్వు. నొక్కుకుంటూ పోతా.”

“మేడమ్ ఏమన్నారు?”

“సాయంత్రం చూద్దాం అంది. ఆవిడకేం, ఎవరైతేనేం?”

పెన్‌డ్రైవ్‌లో ఎక్కేది ఈ హాలు మాత్రమే. రేపటి ఊళ్లో దూలం ఇంకో నాలుగడుగులు ఎత్తున ఉంటుంది, లేదా స్టేజీ ఇంకాస్త వెడల్పు ఉంటుంది. ఇక్కడ పాదాల మీద పడ్డ వెలుగు అక్కడ తెరమీద పడుతుంది. ప్రతి ఊళ్లోనూ మళ్లీ ఆ అమ్మాయిని నిలబెట్టాలి, మళ్లీ తల తిప్పాలి, మళ్లీ ఊపిరి లెక్కపెట్టాలి. ఈ సంగతి అతనికి తెలీదని కాదు. నిరుడు ఒకసారి ఒంటరిగా పొరుగూరు వెళ్లాడు. ఆవేళ ఆమె సబ్బు చేతులతో, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకుని, అంట్లు తోముతూ ఆటంతా నడిపించింది. “ఏమే, ఎర్రది ఎక్కడే?” “రెండో వరస, మూడోదండీ.” “అది నొక్కితే అంతా ఆరిపోయిందే!” అటు జనం ఈలలు ఆమెకి ఫోనులో వినబడ్డాయి. ఇటు అత్తగారు, “మొగుడితో సరసాలు తర్వాత, ముందు ఆ కుళాయి కట్టెయ్,” అంది. ఇంటికొచ్చాక అతను అన్న మాట: “ఎలాగో నెట్టుకొచ్చాలే.”

నాలుగింటికి ఆట మొదలైంది. టీచరు తనకీ ఒక చెవి మైకు కావాలని అడిగి తగిలించుకుంది. ఎందుకో ఆమె అడగలేదు. తెర పక్కన చీకట్లో నిలబడి మామూలుగానే చెప్పుకుపోయింది. “ఇరవై రెండు సిద్ధం... నొక్కండి. ఇరవై మూడు... ఆగండి, ఆగండి, పిల్ల ఇంకా తిరగలేదు... ఇప్పుడు.” అటు అతని వేలు కదిలేది. వేలే అతనిది. చివరి ఘట్టంలో అమ్మాయి వెనక్కి నడిచింది. వెలుగు వెంట నడిచింది. పాదాలు మిగిలాయి. అవీ పోయాయి. తర్వాత చప్పట్లు. లేచి నిలబడ్డ జనంలో ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి నల్లచొక్కా భుజం తట్టారు. అతను తల వంచి, చేతులు జోడించి, వినయంగా నవ్వాడు. ఆ వినయం చూస్తే ఆమెకే నమ్మబుద్ధయింది.

జనం పోయారు. బల్బులు ఆర్పేసినా లైట్ల ఫ్యాన్లు ఇంకా పైన గుయ్యిమంటున్నాయి. వేడి తగ్గేదాకా కరెంటు తియ్యకూడదు. పెద్దాయన నిచ్చెన ఆనించుకుని కూర్చున్నాడు. టీచరు చెవి మైకు మెడలోనే వేలాడుతుండగా నడిచి వచ్చింది.

అతను ఎదురెళ్లాడు. “మీరేం దిగులుపడకండి మేడమ్. మా ఆవిడ అంతా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చేస్తుంది. ఒకటో తారీకు బ్యాగు సర్దుకుని వచ్చేస్తాను.”

టీచరు అతన్ని దాటి ఆమె వంక చూసింది. “ఎక్కించి ఇస్తావా అమ్మాయ్?”

ఇస్తానండి. నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట. ఇస్తానంటే నలభై రోజులు పొయ్యి దగ్గర నిలబడి తొమ్మిది ఊళ్లకి వెలుగు పంపాలి. ఎర్రది ఎక్కడే, తెల్లది ఎక్కడే. కాలు గడప దాటకుండా ఊళ్లన్నీ తిరగాలి, తిరిగినట్టు ఒక్కరికీ తెలియకుండా. ఇవ్వనంటే ఇంటికెళ్లాక ఏం జరుగుతుందో కూడా ఆమెకి వరసగా తెలుసు. మొదట మౌనం, తర్వాత పుట్టింటివాళ్లకి ఫోను, తర్వాత అత్తగారి ఏడుపు, చివర పిల్ల మొహం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో ఎంతసేపని వాదించడం? బస్సు ఎక్కగలనన్న నమ్మకం ఆమెకి లేదు. నిజంగా లేదు.

“ఇవ్వనండీ,” అంది.

అతను నవ్వబోయి ఆగాడు. “అలిసిపోయింది మేడమ్. ఏయ్, ఇంటి దగ్గర మాట్లాడుకుందాంలే.”

“మాట్లాడుకుందాం. మీరు వెళ్తే వెళ్లండి, నేనేం అడ్డుపడను. ఫోను మాత్రం ఎత్తను.”

పైన ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆగాయి. టీచరు ఇద్దరినీ చూసి, “సీటు రేపు సాయంత్రం దాకా ఉంచుతాను,” అని ఆమెతో చెప్పి బయటికి వెళ్లిపోయింది. అతను చాలాసేపు పైకి, దూలానికి వేలాడుతున్న ఆరు తలల వంక చూశాడు. అరిచేస్తాడనుకుంది. అతను దగ్గరికొచ్చి, పెద్దాయనకి వినబడనంత చిన్నగొంతుతో అడిగాడు:

“వీటిలో ఒకటో నంబరు లైటు ఎటువైపుదే?”

ఆమె చెప్పలేదు.